వీధి సంఘం పెట్టె

“పెట్టె కావాలప్పా,” అంది శ్యామలమ్మ, సంఘం గది గడప దగ్గరే నిలబడి.

పెట్టె అంటే శవాన్ని చల్లగా ఉంచే ఫ్రీజరు. ప్రొద్దుటూరులో ఆ వీధి సంఘానికున్న ఆస్తి అదొకటి, బ్యాంకులో మూడు లక్షల నిధి ఒకటి. రెండింటికీ కాపలా కోశాధికారి నారాయణే.

“ఎవురు పోయినారు?”

“అవతల వీధిలో, మా పక్క రూములో ఉండే పీర్ సాహెబ్. కొడుకు ముదస్సిర్ రేపు మాపటికి కువైట్ నుంచి వస్తాడంట. పెట్టె ఉంటే ఆగుతాం, లేకుంటే ఈ ఎండకు ఆపలేమంటాండారు మసీదు పెద్దలు.”

“ఆయన మన వీధోడు కాదు గదమ్మా. బయటోళ్లకు ఐదు వేలు డిపాజిట్.”

ఆమె కొంగుముడి విప్పింది. పద్దెనిమిది వందలు.

“ఆ పిల్లోడు వస్తానే కడతాడప్పా. తండ్రి ముఖం చూసుకోనీ.”

నారాయణ చెడ్డవాడేం కాదు. పోయినేడు ఎవరో పెట్టె అద్దం పగలగొట్టి మొహం చాటేస్తే, నిధిలోంచి పదకొండు వేలు పోయాయి. మళ్లీ చేతులు కాల్చుకోవడం ఎందుకని ఈ డిపాజిట్ రూలు పెట్టింది ఆయనే.

“సంఘం సొమ్మమ్మా, నాది కాదు.”

మిగతా దుడ్ల కోసం ఆమె నాలుగిళ్లు తిరిగొచ్చేసరికి పీర్ సాహెబ్ శవంతో జనాజా లేచిపోయింది.

మరునాడు సాయంత్రం ముదస్సిర్ వచ్చాడు. చెప్పులకు తండ్రిని పూడ్చిన ఖబరస్తాన్ మట్టి.

“రూలప్పా. ఏమనుకోవద్దు,” అన్నాడు నారాయణ ముందుగానే.

“అనుకునేదేముంది మామా. ఆ పెట్టె ఒకసారి చూసిపోదామని వచ్చినా.”

అద్దం మీద చెయ్యి పెట్టాడు.

“మాయమ్మ ఖమర్‌బీ పోయినప్పుడు ఈ వీధిలోనే బాడుగకుంటిమి. అప్పుడీ పెట్టె లేదు. నేనొచ్చేలోపే మట్టి చేసినారు. ఆ తర్వాత నాయన అమ్మ గాజులు అమ్మేసినాడు. ఎందుకో నాకు చెప్పనే లేదు.”

కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

నారాయణకు మనసు మనసులో లేదు. ఏదో ఒకటి చేయాలని గుడ్డ తీసుకుని పెట్టె తుడవసాగాడు. నాలుగేళ్ల కిందట ఆయన ఈ వీధికి వచ్చేసరికే అది ఉంది. ఎవరు కొన్నారని ఎప్పుడూ అడగలేదు. పెట్టె పక్క రేకుకు కొత్త కమిటీ పేర్లతో తాను వేయించిన స్టిక్కరు, ఎండకు అంచు లేచి ఉంది. పట్టుకుని లాగాడు.

కింద రేకు మీద పాత పెయింటు అక్షరాలు: “ఏ బిడ్డకూ కన్నవాళ్ల ఆఖరి చూపు దక్కకుండా పోకూడదని, నా భార్య ఖమర్‌బీ పేరున ఇస్తున్నాను. దాత: పీర్ సాహెబ్.”