గేటు దాంక

"ఓ తమ్మీ, ఆగు! నీతోని పనుంది."

కాలేజీల చేరి ఇంకా వారం కాలె. గ్రౌండు పక్కకెళ్లి పోతుంటె ఎనకనుంచి పిలుపు. తిరిగి చూస్తే ఆరుగురు సీనియర్లు, మోకాళ్ల దాంక మట్టి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల నా రూమ్మేట్ ముందే చెప్పిండు: "సీనియర్లు పిలిస్తే ఆగకు. బట్టలిప్పిస్తరు."

ఉరికిన. ఆళ్లూ ఉరికిండ్రు.

"అమ్మా అమ్మా అమ్మా..." నా నోరు దానంతటదే అంటున్నది. ఒకడు అడ్డమొస్తే వాని చెయ్యి కిందికెళ్లి దూరిన. ఇద్దరు నడుం పట్టుకుంటే గింజుకొని తప్పించుకున్న. ఇగ గేటు వచ్చిందనంగ ఎవడో కాలు వట్టి గుంజిండు. బోర్లవడ్డ. అందరు నా మీద పడ్డరు. ఊపిరాడ్తలేదు. అయినా అమ్మా అమ్మా అనుకుంటనే చెయ్యి సాపి గేటు చువ్వ పట్టుకున్న. అవుతల ఎల్బీ నగర్ రోడ్డు మీద బస్సులు పోతనే ఉన్నయి, ఒక్కలు గూడ ఇటు చూస్తలేరు.

"యోగేందరన్నా, దొరకవట్టినవ్!" అని ఒకడు అరిచిండు.

కాలు పట్టినాయన లేచి నా ముందు కూసున్నడు. కొడ్తడని కండ్లు మూసుకున్న.

"ఇడిసిపెట్టన్నా," అన్న ఏడ్సుకుంట.

"ఏంది తమ్మీ, గట్ల ఉరికినవ్! కబడ్డీ టీంల ఒకడు తక్కువున్నడు. ఆడ్తవా అని అడుగుదామని పిలిచినం." ఆయాసంతోనే నవ్విండు. "ఆరుగురం మీదవడ్డా గేటు ముట్టినవ్. కూత గూడ తెగలె."

నేను గేటు చువ్వ ఇంకా ఇడువలె.

"రేపు పొద్దుగాల రా. గని గా కూత మార్చుకో. గ్రౌండ్ల అమ్మా అమ్మా అంటే పాయింటియ్యరు."