గోరింక కూసిన కూత

ఆ అడవిలో ఓ గోరింకకు కొత్త విద్య పట్టుబడింది. ఎండుటాకుల చప్పుడు విని, పులి కంటపడకముందే "పులి! పులి!" అని కూసేది. దాని పుణ్యాన లేళ్ల మంద ఎన్నోసార్లు బతికింది. ఓనాడు నెమలి నడిచిన చప్పుడుకే పొరబడి కూసింది. మంద బెదిరి పరుగెత్తింది. చుక్కల లేడి కూన ఊబిలో దిగబడిపోయింది.

ముసలి ఏనుగవ్వ తొండంతో కూనను పైకి లాగింది. తల్లి లేడి కోపంగా ఏనుగవ్వ వైపు తిరిగింది.

"ఆ గోరింక నోరు మూయించు, అవ్వా!"

"అది కూయకపోతే నీ బిడ్డ ఇన్నాళ్లు బతికేదా? అది కూయగానే కూనల్ని దగ్గరికి తీసుకోండి. చెట్టు మీది కొండముచ్చు కళ్లారా చూసి అరిచాకే పరుగెత్తండి."

మర్నాడు గోరింక కూసింది. లేడి పరుగెత్తకుండా కూనను పొట్ట కిందికి లాక్కుని నిలబడింది. చిటారుకొమ్మ మీంచి కొండముచ్చు "ఖక్! ఖక్!" అని అరిచింది. నిజంగానే పులి! మంద ఊబి పక్కగా, ఒక్క కూనా తప్పిపోకుండా గట్టు దాటేసింది.

లేడి హమ్మయ్య అనుకుని తలెత్తింది. "నీ మీద కోపం పోయిందే, గోరింకా."

"ఊబి గొడవయ్యాక ఇక నోరే విప్పకూడదనుకున్నాను, అక్కా," అంది గోరింక. "నేను పొరబడితే మందను ఆపే కళ్లు పైన ఉన్నాయి కాబట్టే, ఇవాళ కూయగలిగాను."