కొత్తలంకలో పుట్టిన పిల్ల

“ఇంకొక్కసారి తల్లీ, ఇంకొక్కసారి,” అంటూ వీరమ్మ ఒక చెయ్యి చిన్నమ్మాయి నడుము కింద ఆనించి, ఒక చేత్తో పొట్ట మీద ఆముదం రాస్తోంది. విసనకర్ర మాత్రం క్షణం ఆగడం లేదు. వైశాఖమాసపు ఎండ తాటాకు కప్పుని మాడ్చేస్తోంది.

“నావల్ల కాదత్తా,” అంది చిన్నమ్మాయి.

“కాదంటే ఎవరూరుకుంటారే? ఆ తాతాజీ గారు అప్పుడే మూటలు కట్టించి కూచున్నారు.”

అసలు సంగతి అదే మరి. ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తయిన ఏడాది, పట్టిసీమకి ఎదురుగా గోదాట్లో తేలిన ఈ కొత్తలంకలో నలభై కుటుంబాలు దిగాయి. అప్పుడిక్కడ ఇసకా రెల్లూ తప్ప ఏముంది? ఇవాళ రాజమండ్రి షావుకార్లు కొత్తలంక పొగాకు తప్ప ఇంకోటి వద్దంటున్నారు. ఈ లంకవాళ్ళు వేసుకున్న గట్టు నాలుగు వరదలకి చెక్కుచెదరలేదు. ఎక్కడినుంచి వచ్చారని అడిగితే “చాలా దూరం అండి” అనేవాళ్ళు. పాపికొండల అవతలేమోలే అనుకుని ఒడ్డువాళ్ళు ఊరుకున్నారు. మండుటెండలో కూడా మెడదాకా దుప్పట్లు కప్పుకు తిరుగుతుంటే మొదట్లో నవ్వారు. కొత్తవాళ్ళు ఇక్కడి పేర్లే పెట్టుకుని, ఇక్కడి మాటే నేర్చుకుని, అడక్కుండానే అందరి గట్లకీ మట్టి వేశాక ఆ నవ్వు ఆగిపోయింది. తాతాజీ రోజూ పొద్దుగూకేవేళ ఆకాశం కేసి చూస్తూ కూచుంటే, వాన లెక్క కడుతున్నాడని రైతులు వచ్చి అడిగేవారు కూడా.

అన్నీ దక్కాయి గానీ బిడ్డ దక్కలేదు. ఏడేళ్ళలో రెండే కానుపులు. రెండూ వీరమ్మ చేసినవే. రెండూ నిండుగా పుట్టలేదు, గంటసేపు నిలవలేదు. తమ దేశంలో వందమందికి పురుడు పోసి ఒక్క బిడ్డనీ పోగొట్టుకోని మంత్రసాని, ఇక్కడికొచ్చి రెండుసార్లు తల దించుకుంది. “ఈ నేల మనల్ని ఒప్పుకోలేదు. ఈసారి కూడా నిండుగా పుట్టకపోతే వచ్చినదారినే వెళ్ళిపోదాం,” అని లంకకి పెద్దయిన తాతాజీ తేల్చేశాడు. వచ్చేటప్పుడే సగంమంది ఆ దారిలో పోయారు. వీరమ్మ పెనిమిటీ అందులోనే పోయాడు.

“వీరమ్మొదినా!” రేవులోంచి ఆడగొంతు కేక వినబడింది.

వీరమ్మ పైట మెడచుట్టూ బిగించుకుని గుమ్మంలోకి వచ్చింది. చిన్నమ్మాయి మొగుడు భీమరాజు పడవ తెస్తున్నాడు. రెండు తెడ్లూ జోరుగా వేస్తూనే, గాలికి జారిపోతున్న దుప్పటిని గుండెల దగ్గర బిగించి పట్టుకున్నాడు. పడవ ముందువైపు ఒడ్డుకేసి చూస్తూ కూచుంది పట్టిసీమ మంత్రసాని అప్పాయమ్మ.

“నువ్వే తీసుకొచ్చావురా?” అంది వీరమ్మ.

“ఏమైనా కానీ, బిడ్డ దక్కితే చాలనుకున్నానత్తా,” అన్నాడు భీమరాజు తలెత్తకుండా.

అప్పాయమ్మ అప్పటికే దిగి వచ్చేసింది. “బిడ్డ అడ్డం తిరిగిందటగా వదినా. జరుగు, ఇద్దరం చూస్తే పనైపోద్ది.”

“వద్దు వదినా.”

“ఏంటీ, నేను ముట్టుకుంటే మైలా?”

ఆ మాట వీరమ్మకి సూటిగా తగిలింది. ఇక్కడి పురిటిమందులన్నీ నేర్పింది ఈవిడే. ఆ రెండు బిడ్డలూ పోయినప్పుడు ఈ రేవులోనే కూచుని తనతోపాటు ఏడ్చిందీ ఈవిడే.

“అంతమాట అనకు వదినా. నీ చెయ్యి చల్లని చెయ్యి. కానీ ఇది మావాళ్ళ కట్టు. ఇక్కడే కూచో, కబురు ముందు నీకే చెప్తాను.”

అప్పాయమ్మ మూతి ముడుచుకుంది గానీ వెళ్ళిపోలేదు. శొంఠి పొట్లం గుమ్మంలో పెట్టి, రేవులో తాటిదుంగ మీద చతికిలబడింది.

వీరమ్మ లోపలికి వెళ్ళి తడిక వేసుకుంది. ఓడితే ఈసారి తనొక్కతే ఓడదు, లంకంతా ఓడిపోతుంది. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పైన పెట్టి, బిడ్డని వేలెడు వేలెడు చొప్పున తిప్పుకుంటూ వచ్చింది. ఆ తిప్పుతున్నంతసేపూ చిన్నమ్మాయి మొహం మీద చెమట తుడవడం మానలేదు.

“వస్తోందే, వస్తోంది. లంకని నిలబెట్టే పిల్లవే నువ్వు, పట్టు వదలకు.”

బిడ్డ ఏడ్చింది. రేవుదాకా వినిపించేలా ఏడ్చింది.

“ఏ బిడ్డ వదినా?” అరిచింది అప్పాయమ్మ.

“ఆడపిల్ల. కంచుగొంతు,” అంది వీరమ్మ లోపలినుంచే.

“గోదారి పిల్ల మరి, ఆ మాత్రం ఉండొద్దూ? మీ ఆడాళ్ళు పూటకో తుంగచాప అల్లేస్తారుగా, ఈ పురుటికి నాకోటి అల్లి పెట్టు.”

“ఒకటేం కర్మ, నాలుగు అల్లుతాను.”

భీమరాజు కళ్ళు తుడుచుకుంటూ అప్పాయమ్మని అవతలి ఒడ్డుకి దింపడానికి వెళ్ళాడు. పడవ రేవు దాటాక తాతాజీ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. గంట గడిచినా బిడ్డ గుక్కపట్టి పాలు తాగుతూనే ఉంది. ఆయన వీరమ్మ మొహంలోకి చూసే ధైర్యం లేక నేలచూపు చూస్తూ, వదిలి వచ్చిన దేశపు భాషలో మెల్లగా అడిగాడు.

“నిండుగా ఉందా?”

వీరమ్మ బిడ్డని ఎత్తి, మెత్తటి పాతచీర పొత్తిళ్ళు విప్పి, గుమ్మంలోంచి పడుతున్న ఎండలోకి పట్టింది. ఏడేళ్ళుగా దించుకున్న తల ఎత్తి, అచ్చం గోదారి మాటలోనే జవాబు చెప్పింది.

“మూటలు విప్పించండి తాతాజీ గారూ. మూడు చేతులూ ఉన్నాయి.”