కాలువ కట్టేసిన రోజు

సముద్రం పక్కనున్న ఆఖరి లాకు తలుపుల మరమ్మతుకని నాంట్-బ్రెస్ట్ కాలువ కట్టేశారు. నీళ్లు తీస్తుంటే ఊరంతా బుట్టలతో చేపలకు దిగింది.

సోయిజిక్ మాత్రం గట్టు దిగలేదు. బెల్టుతో బాదుతున్న మొగుణ్ణి నిరుడు ఆమె తోసేసింది ఇందులోకే. ఓడెక్కి పోయాడని ఊరికి చెప్పుకుంది.

"బురదకే భయమా మహారాణికి? దిగవే!" లాకు కాపలా చూసే అత్త నైగ్ కసిరింది.

కాలువ అడుగు తేలింది. బురదలో ఆ బెల్టు ఇత్తడి బకిలు మెరిసింది. సోయిజిక్ ఒకడుగు వెనక్కి వేసింది.

అత్తే దిగి, బెల్టు లాగి బుట్టలో చేపల కింద కుక్కింది.

"వాడిక్కడ లేడులే," గట్టెక్కి గొణిగింది. "నువ్వు తోయడం చూశాను. ఆ తెల్లారే, నీళ్లు వెనక్కి లాగే ఆటు వేళ చూసి, లాకు తీసి వాణ్ణి సముద్రంలోకి వదిలేశాను. ఈ బెల్టు మీ మామదే. దీని దెబ్బలు తిన్నన్నాళ్లూ నాకీ ధైర్యం రాలేదే."