ఊడిన పన్ను

"మీ మనవరాలి ఊడిన పన్ను ఏదైనా ఇంట్లో ఉందా?"

గడప ముందు నిలబడి ఆమె అడిగిన మొదటి మాట అదే.

చాటలో బియ్యం ఏరుతున్న సక్కుబాయి చేతులు ఆగిపోయాయి.

వచ్చినామెకు అరవై ఐదేళ్ళుంటాయి. కత్తిరించిన తెల్లజుట్టు, నలిగిన నూలు చీర, భుజాన బరువైన సంచి. ఇబ్రహీంపట్నంలో బస్సు దిగి, చెరువు పక్కనున్న ఈ వాడకు నడిచే వచ్చిందట. పేరు స్వరాజ్యమట.

పిల్లల పన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు అక్కడ. పరాయి చేతిలో పడితే పిల్లకే కీడు.

అసలే ఆ ఇంట్లో పిల్ల బాగాలేదు.

ఆరేళ్ళ మనోజ మూడు నెలల్లో రెండుసార్లు దవాఖానలో పడింది. కడుపునొప్పి, వాంతులు, ఫిట్స్. అక్కడుంటే తేరుకుంటుంది. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే మళ్ళీ మొదలు. ఒంట్లోకి ఏదో విషం పోతోందని డాక్టర్ రాజశేఖర్ చెప్పాడు. చదువులేని వాళ్ళకు అర్థం కావాలని అంతవరకే చెప్పాడు.

ఆ విషం పెట్టిందెవరని అప్పటి నుంచి వాడంతా వెతుకుతోంది.

పన్ను లేదంది సక్కుబాయి. అయితే పొయ్యిలో బూడిద చిటికెడు ఇమ్మంది స్వరాజ్యం. దండెం మీద ఆరేసిన వల అంచు పట్టుకుని చూసి, అది నీళ్ళలో మునగడానికి కట్టిన గుండు ఒకటి తీసుకోవచ్చా అని కూడా అడిగింది.

పిల్ల పన్ను. పొయ్యి బూడిద. వలగుండు.

బాణామతికి ఇంకేం కావాలి?

మంచినీళ్ళు తెస్తానని చెప్పి, సక్కుబాయి పెరటి దారిన బయటపడింది.

పావుగంటలో ఆమె కొడుకు బాలేష్ చెరువు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. వెనుక ఇరవై మంది.

అప్పటికి స్వరాజ్యం మనోజను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పెదవి పైకెత్తి చిగుళ్ళు చూస్తోంది.

బాలేష్ బిడ్డను లాక్కున్నాడు. ఎవరో ఆమె సంచి బోర్లించారు. మట్టి నింపిన చిన్న సీసాలు దొర్లాయి. వాటి మధ్య రాయిలా గట్టిపడిన దవడ ఎముక ఒకటి, దానికి ఇంకా రెండు పళ్ళు.

గుంపు ఒకడుగు వెనక్కు వేసి, మళ్ళీ ముందుకొచ్చింది.

"ఎవలు పంపిన్రే నిన్ను?" అన్నాడు బాలేష్.

ఆమె బెదరలేదు. "బాలేష్ అంటే నువ్వేనా? నీతో రెండు నిమిషాలు మాట్లాడాలి. లోపలికి రా."

"ఏమున్నా గీడనే చెప్పు. అందరి ముంగట చెప్పు."

స్వరాజ్యం చుట్టూ ఉన్న మొహాలు చూసింది. చేతుల్లో కర్రలు చూసింది.

"ఇక్కడ చెప్పను."

"నా బిడ్డకు విషం ఎక్కడికెల్లి వస్తుందో నీకు ఎరుకేనా?"

"తెలుసు."

"మరి చెప్పు."

"నీకొక్కడికే చెబుతాను."

దాంతో అక్కడ అందరికీ అంతా తెలిసిపోయింది.

వాడలో పెద్దమనిషి ఎంకయ్య గొంతు కూడా పెంచలేదు. "నోట్ల పండ్లు ఉన్నంతసేపే మంత్రం పారుతది. పీకుండ్రి."

వల పనికి వాడే పట్టకారు గూట్లోనే ఉంది. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. ఒకడు తల పట్టుకున్నాడు. బాలేషే పీకాడు.

రెండో పన్నుకు ఆమె ఏదో చెప్పబోయింది. మంత్రం మొదలుపెట్టిందనుకుని దవడలు ఇంకా గట్టిగా అదిమారు.

మొత్తం నాలుగు పళ్ళు.

తర్వాత రోడ్డు పక్కకు ఈడ్చి వదిలేశారు. దారిన పోయేవాళ్ళెవరో 108కు ఫోన్ చేశారు.

సాయంత్రం మనోజకు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. ఆటోలో దవాఖానకు ఉరికారు.

రాజశేఖర్ సూది వేసి, పిల్ల ఊపిరి సర్దుకున్నాక తలెత్తాడు. అతని ముఖం తేటగా ఉంది.

"స్వరాజ్యం మేడం పొద్దున వచ్చి ఉండాలె. కలిసిన్రా?"

సక్కుబాయి కొడుకు వైపు చూసింది. బాలేష్ కిటికీ వైపు తిరిగాడు.

"ఎవ్వలు రాలే సారు."

"వస్తది లెండి. మీరు అదృష్టవంతులు."

పోయినసారి ఇక్కడే ఊడిన మనోజ పన్నును ఆమెకే పంపించానన్నాడు. కోట్ల ఏళ్ళ కింద చచ్చి రాయైపోయిన జంతువు పన్ను చూసి, అది ఏ నీళ్ళు తాగిందో, ఏ నేల మీద మేసిందో చెప్పిన మనిషి. ఆమె కనిపెట్టిన పద్ధతితోనే ఇప్పుడు ఎన్నో దేశాల్లో, పిల్లల ఒంట్లోకి విషం ఎక్కడి నుంచి పోతోందో పట్టుకుంటున్నారు. తనూ ఆమెను ఎప్పుడూ చూడలేదు. తన ఉత్తరానికి జవాబిస్తే చాలనుకున్నాడు. మోకాళ్ళ నొప్పులున్నా తనే బయలుదేరిందట.

నర్సు తలుపు తోసి, 108లో వచ్చిన ముసలామె నోట్లో నెత్తురు ఆగక కింద క్యాజువాలిటీలో ఇప్పుడే పోయిందని, పేరు కూడా చెప్పలేకపోయిందని, పోలీసులకు చెప్పాలని అంది. వస్తున్నానన్నాడు రాజశేఖర్.

లేస్తూ, పొద్దున మేడం పంపిన మెసేజ్ తీశాడు. ఆమె ఎవరికీ చెప్పొద్దందిగానీ, పిల్ల పరిస్థితి చూశాక ఇక దాచలేనంటూ తండ్రీ నాయనమ్మలకే వినబడేలా చదివాడు.

"పాప పంటి నిండా సీసం ఉంది. చేపలు పట్టే ఇల్లని రాశారు కదా, వలగుండ్ల కోసం తండ్రి పాత బ్యాటరీల సీసాన్ని అన్నం వండే పొయ్యి మీదే కరిగిస్తున్నాడేమో. ఒక గుండు దొరికితే తేల్చేస్తాను. ఫోన్‌లో మాత్రం ఎవరికీ చెప్పకండి డాక్టర్, కన్నతండ్రే విషం పెట్టాడని తెలిస్తే ఊళ్ళోవాళ్ళు అతన్ని బతకనివ్వరు, నేనే వెళ్ళి అతనికొక్కడికే చెబుతాను."