కిలో ఉప్పు

“కిలో దాటిందా?” అని ఫోన్‌లో అడుగుతున్నారు మామగారు. ఆయన గొంతులో అంత సంతోషం కోడలు ఎప్పుడూ వినలేదు.

ఆమె వంటింట్లో టీ వడకడుతోంది. కాపురానికొచ్చి నెలన్నర. కానుకగా వచ్చిన జంట కప్పుల్లో ఏది మొగుడిది, ఏది తనది అని రోజూ మార్చి మార్చి చూసుకుని మురిసిపోవడం ఆమెకి కొత్త అలవాటు.

“ఇంకా పెరుగుతోందా? మంచిది, మంచిది. అయితే రేపు బయటికి తీస్తారన్నమాట. నా రక్తపరీక్షలన్నీ సరిపోయాయిగా? లేదండీ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.”

కప్పు ఆమె చేతిలోనే ఆగిపోయింది.

“ఫోన్ ఎవరు మామయ్యా?”

“ఆస్పత్రి నర్సమ్మ. మంచి కబురే చెప్పింది. ఇవాళ టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువెయ్యమ్మా.”

జీవితమంతా పాస్టరుగా పనిచేసిన మనిషాయన. రిటైరైన రోజున సంఘం వాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చి పంపించారు. దాని ఎదురుగా కూర్చోవడమే అప్పట్నుంచి ఆయన ఉద్యోగం. ఆస్పత్రికి వెళ్ళి రోగుల కోసం ప్రార్థన చేస్తానంటే అక్కడి సిబ్బంది దణ్ణం పెట్టి వద్దన్నారు. ఆయన వార్డు గుమ్మంలో కనపడగానే, ఆఖరి ఘడియ వచ్చేసిందని చుట్టాలు ఏడుపు లంకించుకుంటున్నారట. “జనానికి నేను చివర్లోనే గుర్తొస్తానమ్మా,” అని నవ్వేసి, ఆ పూట భోజనం మానేశారు.

మరి ఆ ఆస్పత్రే ఇప్పుడు రమ్మంటోందంటే?

మధ్యాహ్నం భర్త వస్తూనే ఆమెని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. మామూలుగా అయితే ఆ లాగడానికి వేరే అర్థం ఉండేది.

“నాన్నకి ఆపరేషనా?”

“ఎవరన్నారు?”

“సెలూన్ అతను. పొద్దున నాన్న వెళ్ళి ఛాతీ మీద వెంట్రుకలు నున్నగా తీయించుకున్నాడట. ఎందుకని అడిగితే, గుచ్చుకోకూడదు అన్నాడట.”

ఆమె పొద్దున విన్న ఫోన్ సంగతి చెప్పింది. కిలో దాటింది, ఇంకా పెరుగుతోంది, రేపు బయటికి తీస్తారు. ఒక్కో మాటా బయటికి వస్తుంటే ఇద్దరి మొహాలూ పాలిపోయాయి.

“కిలో గడ్డ లోపల పెట్టుకుని టీలో చక్కెర ఎక్కువెయ్యమన్నాడా?” అన్నాడు భర్త. అది జోకో కాదో అతనికే తెలియలేదు.

సాయంత్రం మామగారు పిలిచి, మెడలో సిలువ గొలుసు తీసి ఆమె చేతిలో పెట్టారు. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

“ఇది నీ దగ్గరుంచమ్మా. అక్కడ ఒంటి మీద ఏమీ ఉండకూడదట. నీకు పాటలేమైనా వచ్చా?”

“పాటలా?”

“నాకు వచ్చినవన్నీ సమాధుల దగ్గర పాడేవే. రేపటికి అవి బాగుండవు.”

తన కోసం పాడించుకునే పాటలు కూడా ముందే ఎంచుకుంటున్నారు. ఆమె తల వంచుకుని వంటింట్లోకి వచ్చేసింది. ఏదో ఒక పని పెట్టుకోకపోతే ఏడుపు ఆగేలా లేదు. వంట మొదలుపెడితే ఉప్పు ప్యాకెట్ కనపడలేదు. పొద్దున తెచ్చింది, కొత్తది, ఇంకా విప్పనైనా లేదు. అరలన్నీ వెతికి, మామగారిని అడుగుదామని ఆయన గది తలుపు తోసింది.

వాలుకుర్చీలో చొక్కా లేకుండా వెనక్కి వాలి ఉన్నారాయన. కళ్ళు మూసి ఉన్నాయి. నున్నటి ఛాతీ మీద తువ్వాలు చుట్టిన ఉప్పు ప్యాకెట్. దాని మీద రెండు చేతులూ. కదలిక లేదు.

“మామయ్యా!”

ఆ కేకకి భర్త పరుగెత్తుకొచ్చాడు. మామగారు ఒక కన్ను తెరిచారు.

“మెల్లిగా అమ్మా. అభ్యాసం చేస్తున్నాను.”

“దేనికి నాన్నా? ఇక దాచకు. రేపు ఏంటి ఆస్పత్రిలో?”

“వాళ్ళు ఒప్పుకుంటారో లేదో అని చెప్పలేదురా. రేపట్నుంచి రోజూ వెళ్ళాలి. రెండేసి గంటలు కదలకుండా పడుకోవాలి.”

“గుండెకేనా మామయ్యా?” అంది ఆమె.

“గుండెతోనే పనమ్మా.”

“మీకేం కాదు కదా?”

“నాకేమవుతుంది? ఇన్నేళ్ళూ పోయేవాళ్ళ పక్కన కూర్చున్నాను. చాలు.” ఆయన ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పైన పెట్టి, ఉప్పు ప్యాకెట్‌ని పదిలంగా ఎత్తి ఆమెకి అందించారు. “పొద్దున్నే మీరిద్దరూ రండి. అద్దంలోంచి చూడనిస్తారట.”

“ఏం చూడాలి మామయ్యా?”

“నెలలు నిండని తల్లిలేని పిల్ల రేపు గాజుపెట్టెలోంచి వచ్చి నా గుండెల మీద వెచ్చగా నిద్రపోతుంది.”