టీగ్ గారి పచ్చికలో కొంగలు

"ఎవరి పని ఇది? నా పచ్చికలో ఈ గులాబీ కొంగలేంటి?"

ఆర్విల్ టీగ్ చారల డ్రెస్సింగ్ గౌనులోనే వాకిట్లోకి వచ్చి వీధంతా వినబడేలా అరిచాడు. ఇంటి ముందున్న పచ్చిక నిండా ప్లాస్టిక్ కొంగలు, సన్నటి ఇనప కాళ్ల మీద నిలబడి ఆయన్నే చూస్తున్నాయి. సరిగ్గా చర్చి వదిలిన వేళ. ఇళ్లకు పోతున్న జనమంతా ఆగిపోయారు.

కాలిబాట మీద ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎల్డర్ క్రీక్ కాలేజీ ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకి కోచ్ మార్లా, కెప్టెన్ జోసీ.

"మా జట్టే పెట్టిందండీ టీగ్ గారూ," అంది మార్లా. "చందాల కోసం. ఇరవై డాలర్లు కట్టారంటే మేమే పీకేసి, మీరు ఎవరి పేరు చెబితే వాళ్లింటి ముందు పాతేస్తాం. ఊళ్లో అందరూ నవ్వుతూ కట్టేస్తున్నారు."

"నేను నవ్వను. కట్టను."

"అయితే ఇవి ఇక్కడే ఉంటాయి మరి."

"ఉండనీ! కానీ ఇంకొక్కటి పెట్టారో, ఊరుకునేది లేదు! అందులోనూ టోపీ పెట్టుకున్న కొంగ! టోపీ కొంగని చూస్తే నాకు ఒళ్లు మంట!"

తలుపు ధడేలున మూసుకుంది.

ఎదురింటి బెర్నిస్ చేతిసంచి తెరిచింది. "ఇనప సామాన్ల కొట్టు నడిపినన్నాళ్లూ ఈయన నాకు ఒక్క మేకు కూడా ధర తగ్గించి ఇవ్వలేదు. ఏమ్మా, టోపీ కొంగ ఎంత?"

"పది డాలర్లండీ," అంది మార్లా వెంటనే.

మర్నాటికి పచ్చికలో గడ్డి టోపీలు, ఉన్ని టోపీలు, ఒక పెళ్లికూతురి మేలిముసుగు కూడా వెలిశాయి.

మార్లాకి వేరే దారి లేదు. బస్సు అద్దె పెరిగింది, బస చేసే మోటెల్ గదుల రేట్లు పెరిగాయి, బీమా పెరిగింది. కాలేజీ ఇచ్చేది మాత్రం పెరగలేదు. వసంతకాలం పోటీలకి ఊళ్లు తిరిగే ఖర్చు జట్టే తెచ్చుకోవాలనీ, లేకపోతే వచ్చే ఏడాది నుంచి సాఫ్ట్‌బాల్ ఎత్తేస్తామనీ క్రీడల డైరెక్టర్ గ్లెన్ తేల్చి చెప్పేశాడు. అమ్మాయిలు కార్లు కడుగుతామన్నారు, వాన పడింది. డోనట్లు అమ్మారు, సగం వాళ్లే తినేశారు.

ఇప్పుడు మాత్రం టీగ్ గారు నోరు తెరిస్తే చాలు.

"నా వంటింటి కిటికీలోకి తొంగి చూసే కొంగని మాత్రం భరించలేను!" అన్నాడు, బడి బస్సు ఆగే వేళకి బయటికి వచ్చి. సాయంత్రానికి కిటికీ నిండా ముక్కులే.

"నా కారు జోలికొచ్చారో, చూడండి!" అన్నాడు. కారు మీద ఏడు కొంగలు ఎక్కి కూర్చున్నాయి. తపాలా ఉద్యోగి డబ్బిచ్చి మరీ ఒకదాన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టించి, బెల్టు కూడా కట్టాడు.

"మనిషంత కొంగ గానీ కనబడిందో, పోలీసుల్ని పిలుస్తా!" అన్నాడు. పశువుల దాణా కొట్టు యజమాని అటకెత్తు చెక్క కొంగని చేయించి, పొట్ట మీద తన కొట్టు పేరు రాయించి, మార్లా చేతిలో ఐదు వందలు పెట్టాడు. పోలీసాయన వచ్చాడు. దానితో ఫోటో దిగి పోయాడు.

ఆ వారం టీవీ వాళ్లూ వచ్చారు. టీగ్ గారు కెమెరా ముందు పిడికిలి ఊపి, "దూరపు ఊళ్లలో ఉన్న ఈ కాలేజీ పాత విద్యార్థులు కూడా ఇందులో వేలు పెడితే నేను బతకను!" అని అరిచాడు. పాత విద్యార్థులు డబ్బు పంపి మరీ వేళ్లన్నీ పెట్టారు.

గ్లెన్ పరుగెత్తుకొచ్చాడు. "మార్లా, ఆయన దావా వేస్తే కాలేజీ అమ్ముకోవాలి! తీయించెయ్!"

"ఇంకా వెయ్యలేదుగా గ్లెన్," అంది మార్లా.

జోసీకి మాత్రం ముద్ద దిగడం లేదు. మర్నాడు ఒక్కతే వెళ్లి, టీగ్ గారి పచ్చికలోంచి ఒక కొంగని పీకింది. ఆయన గౌను ఎగరేసుకుంటూ బయటికొచ్చాడు.

"ఏయ్, ఏంటది?"

"క్షమించండి టీగ్ గారూ. ఇవిగోండి ఇరవై. మీ తరఫున నేనే కడుతున్నా. అన్నీ తీసేస్తాను."

టీగ్ గారి మొహం పాలిపోయింది. "నువ్వెవరు కట్టడానికి? డబ్బు జేబులో పెట్టుకో! ఆ కొంగని ఎక్కడిదక్కడ పాతు! అక్కడ కాదు, కాస్త ఎడమకి! వంకరగా ఉంది, సరిగ్గా నిలబెట్టు!"

జోసీ కొంగని నిలబెట్టి, కళ్లు తుడుచుకుంటూ తిన్నగా మార్లా గదికి పోయింది.

"కోచ్, ఆయనకి మతి పోతోంది. కొంగ వంకరగా ఉందంటున్నాడు! ఒక ముసలాయన్ని ఊరంతా కలిసి ఏడిపించి తెచ్చిన డబ్బుతో నేను ఆడలేను. ఇంకో అమ్మాయిని కెప్టెన్ని చేసుకోండి."

"బస్సుకి కట్టేశాం జోసీ. మోటెల్ ఒక్కటే మిగిలింది. ఇంకొక్క రోజు ఆగు."

"ఒక్క గంట కూడా ఆగను. ఆ బస్సు నేనెక్కను."

జోసీ జట్టు చొక్కా మడిచి బల్ల మీద పెట్టింది. అంతలో బల్ల మీద ఫోను మోగింది. మార్లా దానివైపు చూసింది, జోసీ వైపు చూసింది, ఒక నిట్టూర్పు విడిచి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

టీగ్ గారి గొంతే. కాకపోతే అరుపు కాదు, గుసగుస.

"రేపు ఏది పెట్టొద్దని అరవమంటావు, కోచ్?"